ఓటరు కార్డుతో ముక్తినాథుని దాకా

నేపాల్ వెళ్ళడానికి మనకు వీసా అక్కరలేదు, పాస్‌పోర్టు లేకపోతే ఓటరు గుర్తింపు కార్డు చాలు. ఈ మాట తెలిసిన రోజు నుంచి సారు నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. సారు నా చిన్ననాటి స్నేహితుడు. నల్లగొండలో రెండు తరాలకు లెక్కలు చెప్పినవాడు కాబట్టి ఊరందరికీ సారే, నాకూ సారే. నేను రెవెన్యూ శాఖలో గిర్దావర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. సారు వాళ్ళ ఇంట్లో తాతల నాటి నుంచి శాలగ్రామ పూజ ఉంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో శాలగ్రామమని ఆళ్వార్లు కీర్తించిన క్షేత్రం ముక్తినాథే. అందువల్ల ఆయనకు అది ఎప్పటికైనా తీర్చుకోవాల్సిన మొక్కు. నాకు దేవుడి మీద భక్తి ఉంది కానీ క్యూల మీద లేదు.

అయినా వెళ్ళాను. ఒక కారణం సారు మనవరాలు. పోఖరాలో ఎంబీబీఎస్ చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. తల్లి పంపిన మామిడికాయ తొక్కు, పుంటికూర తొక్కు, కారప్పొడి, చెగోడీలు నా సంచిలో సగం ఆక్రమించాయి. నా బట్టలు మిగతా సగంలో సర్దుకున్నాయి.

సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలీ దాకా బస్సు. ఆ ప్రయాణం గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, నిద్ర లేకపోవడం తప్ప. సునౌలీలో సరిహద్దు అంటే ఒక పెద్ద కమాను. దాని కిందుగా రిక్షాలు, సైకిళ్ళు, ఉల్లిగడ్డల లారీలు, పెళ్ళివారు అందరూ కలిసి దాటుతుంటారు. మేమూ నడిచే దాటాం. అవతల అడుగు పెట్టగానే గడియారం పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి, మన వంద రూపాయలను నూట అరవైగా లెక్క కట్టాలి. సారుకు పండగ దొరికింది. చాయ్ తాగినా, అరటిపండు కొన్నా ఒకటి పాయింట్ ఆరుతో భాగించి, శేషం కూడా చెప్పి కానీ డబ్బు తీసేవాడు కాదు.

దగ్గరే కదా అని లుంబినీకి వెళ్ళాం. మాయాదేవి గుడి, కోనేరు, బౌద్ధ దేశాలన్నీ కట్టుకున్న విహారాలు ఉన్నాయి. నన్ను ఆపింది మాత్రం అశోకుడి స్తంభం. 1896లో బయటపడిన ఆ స్తంభం మీది బ్రాహ్మీ లిపికి అనువాదం పక్కనే పెట్టారు. పట్టాభిషేకమైన ఇరవయ్యో ఏట రాజు స్వయంగా వచ్చి పూజించాడు, బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కనుక ఈ ఊరికి ‘బలి’ అనే పన్ను తీసేశాడు, పంటలో ఎనిమిదో వంతు కడితే చాలన్నాడు. రాజుకు ఆరో వంతు ఇవ్వాలని మన ధర్మశాస్త్రాలు చెబుతాయి. మూడు వాక్యాల్లో ఎవరు, ఎందుకు, ఎంత అని తేల్చేసిన రెవెన్యూ ఉత్తర్వును నా ఉద్యోగకాలమంతా ఒక్కటీ చూడలేదు. నాగార్జునసాగర్ ఒడ్డున బతికే మనకు ఆచార్య నాగార్జునుడి పేరు ముందు డ్యాం పేరుగానే తెలుస్తుంది. ఇక్కడ ఎవరిని కదిపినా ఆ పేరు ఆచార్యుడిదిగానే గుర్తుపట్టారు. కొంచెం సిగ్గుపడ్డాను, కొంచెం గర్వపడ్డాను.

పోఖరా దారి అంతా మలుపులు. ఎక్కిన దగ్గర నుంచి దిగేదాకా సారు కళ్ళు తెరవలేదు, విష్ణు సహస్రనామం మాత్రం ఆపలేదు.

పోఖరాలో మనవరాలు ఎదురొచ్చింది. తొక్కు సీసా మూత తీసి వాసన చూసి, అక్కడే రోడ్డు మీదే కళ్ళు తుడుచుకుంది. వెంటనే స్నేహితురాళ్ళకు ఫోన్ చేసి, అన్నం వండమని చెప్పింది. ఆ రాత్రి వాళ్ళ గదిలో వరంగల్ అమ్మాయి, కర్నూలు అమ్మాయి, ఒక నేపాలీ అమ్మాయి, మేమిద్దరం. నేపాలీ అమ్మాయి పుంటికూర తొక్కుకు చేతులెత్తి దండం పెట్టి, మళ్ళీ వడ్డించుకుంది. తెల్లవారి ఫేవా సరస్సులో పడవ ఎక్కి, నడుమ దీవిలోని వారాహి అమ్మవారిని చూశాం. మబ్బు విడిచినప్పుడు మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కనిపించింది. దాదాపు ఏడు వేల మీటర్ల ఎత్తు. దాన్ని పవిత్రమని భావించి, ఎక్కడానికి ఎవరికీ అనుమతి ఇవ్వరట. ఆ సంగతి నాకు నచ్చింది.

పడవలో మనవరాలు ఒక విషయం చెప్పింది. మొదట్లో తన ఊరు ఏదని క్లాసులో అడిగితే నల్లగొండ అన్నదట. ఉత్తరాది పిల్లలూ నేపాలీ పిల్లలూ ‘నల్లగొండ టెక్నిక్ నల్లగొండా?’ అన్నారట. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి అది. 1970లలో నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించారు. నీళ్ళలో పటిక, సున్నం వేసి కలిపి, తేర్చి, వడగట్టడం. వైద్య విద్యార్థుల సామాజిక వైద్యం పాఠంలో ఆ పేరు ఉంటుంది. దేశదేశాల పిల్లలు మా జిల్లా పేరును పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటున్నారన్నమాట.

నేను ఏమీ అనలేదు. మాది మర్రిగూడ వైపు పల్లె. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉండకూడదంటారు. ఆ హద్దు మా బోర్లు ఏనాడో దాటాయి. మా పెద్దక్క పళ్ళ మీద గోధుమ రంగు చారలతో పెరిగింది, నడివయసు రాకముందే నడుము వంగింది, ఆ తర్వాత మోకాళ్ళు ముడుచుకుపోయాయి. మంచం మీద కూర్చుని గుమ్మం బయటి మనిషిని చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. కృష్ణ నీళ్ళు నల్లాలో వచ్చేసరికి ఆమెకు ఆ నీళ్ళు తాగడమే మిగిలింది, నడవడం కాదు. నేను బయలుదేరే రోజు ఆమె అడిగింది ఒక్కటే: ‘తమ్ముడూ, అక్కడ నూట ఎనిమిది నల్లాలు ఉంటాయటగా. నా పేర కూడా ఒక మునక వెయ్యి.’

పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానాలు ఉన్నాయి, ఇరవై నిమిషాల ప్రయాణం. అయితే కాళీగండకి లోయలో పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుంది కాబట్టి తెల్లవారే ఎగురుతాయి. 2022 మే నెలలో ఆ దారిలో ఒక విమానం కూలి అందరూ చనిపోయారు. మనవరాలు జీపులోనే వెళ్ళాలని పట్టుబట్టింది, మాతో తానూ వచ్చింది. విదేశీయులకు అన్నపూర్ణ ప్రాంతపు అనుమతి పత్రం కావాలి, సార్క్ దేశాల వాళ్ళకు రుసుము తక్కువ. ఆ కాగితాలన్నీ తనే చూసుకుంది. బేనీ, తాతోపానీ దాటాక రోడ్డు అన్న మాట వాడటం అబద్ధమవుతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క గండకి, మధ్యలో రాళ్ళు. అన్నపూర్ణ, ధవళగిరి రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాలు, వాటి మధ్య లోయలో మేము. జీపు డ్రైవరు ఫోనులో పాట మారుస్తున్నాడు, సారు సహస్రనామాన్ని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.

మార్ఫాలో యాపిల్ తోటలు, తెల్లసున్నం వేసిన రాతి ఇళ్ళు. అక్కడే ఆగాం. మరునాడు కాగ్‌బేనీలో నది ఒడ్డున సారు తండ్రికి పిండం పెట్టాడు. మధ్యాహ్నానికి గాలి ఎంతలా వీచిందంటే, నువ్వులు దోసిట్లోంచి నీళ్ళలో పడకుండా నా చొక్కా మీద పడ్డాయి. విస్తరాకు ఎగిరిపోకుండా అక్కడి పురోహితుడు మామూలుగా, అలవాటైన చేత్తో నల్లరాయి ఒకటి దాని మీద పెట్టాడు. ఆ రాయిని సారు కన్నార్పకుండా చూశాడు. అది కాళీగండకి రాయి. ఆ చేతికి అది బరువు, ఈయన కళ్ళకు నారాయణుడు.

శాలగ్రామాల సంగతి రాణీపౌవాలో తేలింది. గుడి కింది ఊరు అది. దారి పొడుగునా స్త్రీలు గుడ్డల మీద పరిచి అమ్ముతున్నారు. ఒకామె గుండ్రటి నల్లరాయిని సుత్తితో సన్నగా తట్టింది. రెండు చిప్పలుగా విడింది. లోపల ఒక చుట్ట. ఒకదాని మీద ఒకటి ఒరిగిన గీతలు, నడుమకు వచ్చేసరికి సూదిమొనంత సన్నగా. ఒక చిప్పలో గీత ఉబ్బెత్తుగా ఉంది, రెండో చిప్పలో అదే గీత గుంటగా ఉంది. వేలు పెడితే చల్లగా తగిలింది. అది అమ్మోనైట్ అనే సముద్రపు జీవి శిలాజమని, పది కోట్ల ఏళ్ళు దాటిందని, హిమాలయాలు లేవక ముందు ఇక్కడ సముద్రం ఉండేదని మనవరాలు చెప్పింది. వజ్రకీటం తొలిచిన సుదర్శన చక్రమని సారు చెప్పాడు. ఇద్దరూ ఒకే రాయిని పట్టుకుని వాదించుకుంటున్నారు. అమ్మే ఆమె మాత్రం ధర దగ్గరే నిలబడింది. శాలగ్రామానికి వెల కట్టకూడదని శాస్త్రం. సారు బేరమాడలేడు, ఆడకుండా ఇవ్వడానికి మనసు రాదు. చివరకు ‘ధర కాదు తల్లీ, దక్షిణ’ అని ఆమెకు అర్థం కాని తెలుగులో చెప్పి, ఆమె అడిగిందాంట్లో మూడో వంతు ఇచ్చాడు. ఆమె నవ్వి, ఇంకో చిన్న రాయి కూడా చేతిలో పెట్టింది. దక్షిణలో ఇంత లాభం ఉంటుందని నాకు తెలియదు.

పైకి గుర్రం మీదో, మోటారు సైకిల్ మీదో, నడిచో వెళ్ళాలి, ఆపైన మెట్లు. దాదాపు 3,700 మీటర్ల ఎత్తు. నాలుగు మెట్లకోసారి నిలబడి గాలి మింగాలి. పోప్లార్ చెట్ల గుంపు, కొమ్మల మధ్య రంగు రంగుల బౌద్ధ జెండాలు, అంచెలుగా కప్పులున్న చిన్న గుడి. గుడిని చూసుకునేది బౌద్ధ సన్యాసినులు, స్వామి విష్ణుమూర్తి. ఎవరికీ ఇందులో వింత కనిపించడం లేదు. పక్కనే జ్వాలామాయి గుడి. అక్కడ భూమిలోంచి వచ్చే సహజవాయువు నీటి గలగల పక్కనే నీలంగా మండుతోంది. జాలీ గుండా వంగి చూస్తే కానీ కనపడదు.

గుడి వెనక అర్ధచంద్రాకారపు గోడ, దానికి నూట ఎనిమిది ఇత్తడి ఎద్దు ముఖాలు. ఒక్కో ముఖం నుంచి మంచు కరిగిన నీళ్ళు పడుతున్నాయి. బీపీ ఉన్నవాళ్ళు మునగవద్దని మనవరాలు ముందే హుకుం జారీ చేసింది. సారు వినలేదు. పంచె ఎగ్గట్టి, గోవిందా గోవిందా అంటూ ఒక కొస నుంచి ఇంకో కొసకు పరుగెత్తాడు. ఆ వయసులో ఆ పరుగు చూసి నేపాలీ కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను చొక్కా చేతులు మడిచి ఒక్కో ధార కింద అరచేయి పెడుతూ నడిచాను. మొదట వేళ్ళు మండాయి, తర్వాత తిమ్మిరెక్కాయి, సగం దాటాక చేయి నాది కాదనిపించింది. కొన్ని ముఖాల మూతులు జనం చేతులు తగిలి నున్నగా అరిగాయి. రాతి మీద పాచి. ఒక చోట నీళ్ళు దోసిట పట్టి తాగాను. రుచి లేదు. చప్పదనం కాదు, ఉప్పదనం కాదు, మా బోరు నీళ్ళలో నాలుకకు తగిలే ఆ జిడ్డు లేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. నూట ఎనిమిది ధారలు పగలూ రాత్రీ పారుతున్నాయి, కట్టేసే చేయి లేదు, నింపుకునే బిందె లేదు. మా ఊళ్ళో ఒక్క ధార, అక్క చిన్నప్పుడు ఉండి ఉంటే చాలు. ఆ నీళ్ళు కాలువ కట్టి కిందికి దిగి బార్లీ మళ్ళకు వెళ్తున్నాయని చూశాకే నా మనసు కుదుటపడింది.

అక్క పేర మునక వేయాలి కదా. గుడి ముందు రెండు కుండాలు ఉన్నాయి. ఒకటి పాపాలు కడగడానికి, ఒకటి పుణ్యం పొందడానికి అంటారు. మనవరాలి వైపు చూశాను. ఆమె నా చేయి పట్టుకుని నాడి చూసింది, గడియారం చూసింది. ‘మోకాళ్ళ దాకా దిగండి తాతయ్యా, ఆవిడకు కావాల్సింది మోకాళ్ళే కదా’ అంది. మోకాళ్ళ దాకా దిగాను. కాళ్ళు కొరికేసే చలి.

తిరుగు దారిలో పోఖరాలో పిల్లను దింపి ఖాట్మండూ వెళ్ళాం. భక్తపూర్‌లో 1702లో కట్టిన అయిదంతస్తుల న్యాతపోల గుడి 2015 భూకంపాన్నీ తట్టుకుని నిలబడింది. మట్టి పాత్రలో తోడుపెట్టిన పెరుగు మీద మీగడ గట్టిగా, తియ్యగా ఉంది, దాన్ని జూజూ ధౌ అంటారు. బుఢానీలకంఠలో కోనేటి మధ్య శేషుడి మీద పవళించిన నల్లరాతి విష్ణువును చూసి సారు చాలాసేపు కదల్లేదు. నాకు మాత్రం పాటన్ వీధుల్లోని రాతి ధారలు నచ్చాయి. నేలకు కిందుగా మెట్లు దిగితే మొసలి ముఖాల రాతి గొట్టాలు ఉంటాయి. ఇలాంటివి పూర్వం ఇక్కడ ఏలిన లిచ్ఛవి రాజుల కాలం నుంచీ ఉన్నాయి. కొన్ని ఇప్పటికీ పారుతున్నాయి, చాలా ఎండిపోయాయి. పారే చోట ఆడవాళ్ళు ప్లాస్టిక్ క్యాన్లు వరుస పెట్టి నిలబడ్డారు. పక్క వీధిలో నీళ్ళ ట్యాంకరు. మంచుకొండల కింద రాజధానిలో ట్యాంకరు! ఆ వరుసలో ఒకామె క్యాన్‌ను కాలితో ముందుకు జరిపిన తీరు చూస్తే మునుగోడు గుర్తొచ్చింది. సారు చేయి పట్టి లాగాడు, పశుపతి ఆలయం మూసే వేళవుతోందని.

పశుపతినాథ్‌లో గర్భగుడికి నాలుగు వైపులా వెండి తలుపులు, లోపల నాలుగు ముఖాల లింగం, ఒక్కో తలుపు దగ్గర ఒక్కో ముఖం. పడమటి వైపు మనిషి కంటే ఎత్తైన పూతపోసిన నంది. ఫోటోలు తీయనివ్వరు, మంచిదే. కింద బాగ్మతి ఒడ్డున చితులు కాలుతుంటాయి. ఇక్కడి ప్రధాన అర్చకులు తరతరాలుగా దక్షిణాది వాళ్ళు, ఇప్పుడున్న భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్ళు. సారు మొదటి ఉద్యోగం కర్ణాటక సరిహద్దు దగ్గరి మక్తల్‌లో. అక్కడి కన్నడం ఆయన నోట ఇంకా తడారలేదు. ప్రసాదం అందించే భట్టుగారితో రెండు ముక్కలు కన్నడంలో అన్నాడు. ఆయన మొహం వికసించింది. క్యూ వెనక గొణుగుతున్నా, గంధం బొట్టు మాకు కాస్త పెద్దగానే పెట్టాడు.

‘యావ ఊరు?’ అన్నాడు.

‘నల్లగొండ.’

భట్టుగారు కాసేపు ఆలోచించి, తెలియదన్నట్టు తల ఊపాడు.

‘హైదరాబాద్ పక్కన’ అని సారు సర్దుకున్నాడు.

పోఖరా వైద్య విద్యార్థులను అడిగితే వాళ్ళు చెప్పేవాళ్ళని నేనన్నాను. సారు వినలేదు. అప్పటికే దక్షిణం తలుపు వైపు, రెండో దర్శనానికి, నడక అందుకున్నాడు.