పచ్చి చలిమిడి మూడోసారి, మళ్ళీ జారింది

ఉండ చేసి పళ్ళెంలో పెడితే చాలు, అరగంటకల్లా దిబ్బరొట్టెలా పరుచుకుంటోంది! కావలిలో రెండు రోజులుగా ముసురు, పిల్లలకి సెలవు. స్టవ్ ముట్టించని తీపి అయితే వాళ్ళ చేతికే వదిలేయొచ్చని మొదలుపెట్టిన పని, ఇప్పుడు నాకే పంతమైంది.

నువ్వుల చిమ్మిలి పోయిన వారం మొదటిసారికే కుదిరింది, దాని గురించి చెప్పడానికేం లేదు.

ఈసారి తూకాలు చెప్తాను. ఎడగారు పంటలో వచ్చిన కొత్త బియ్యం, నెల్లూరు మసూరి (ఎన్‌ఎల్‌ఆర్ 34449), 250 గ్రాములు. రాత్రంతా నానబెట్టి, వడకట్టి, పంచె మీద 20 నిమిషాలు ఆరబోస్తే 325 తూగాయి, అంటే 75 గ్రాముల నీళ్ళు ఇంకా లోపలే. మిక్సీలో ఆపి ఆపి తిప్పి జల్లించాక మిగిలిన పిండి 300, మూడు గిన్నెల్లోకి వందేసి పంచాం. మొదటి దాంట్లో తురిమిన బెల్లం 60, పచ్చికొబ్బరి ఒక స్పూను. రెండో దాంట్లోనూ అంతే, కాకపోతే బెల్లం ముందురోజే తురిమి ఫ్యాన్ కింద ఆరబెట్టింది, ఎందుకంటే ఈ వానలకి డబ్బాలోనే చెమ్మగిల్లి ఉంది, నా మొదటి అనుమానం దాని మీదే. మూడో దాంట్లో బెల్లం 45, కొబ్బరి లేదు. నెయ్యి అన్నిటికీ ఒక్కో స్పూను (మా ఇంట్లో విజయ నెయ్యే, దాని మీద చర్చ లేదు). 3 సెంటీమీటర్ల ఉండలు చేసి, అరగంట తర్వాత పాప స్కేలు పెట్టి కొలిచింది: 5.5, 5, 3.5. మూడోది నిలబడింది గానీ చప్పగా ఉంది, బాబు ఒక్క ముద్ద తిని గిన్నె వాళ్ళక్క వైపు తోసేశాడు.

ఆరిన బెల్లంతో తేడా అర సెంటీమీటరే. ముసురులో ఫ్యాన్ గాలికి మాత్రం ఎంత ఆరుతుంది, అదీ నిజమే. అయినా అసలు దొంగ పిండిలోని తడి అనుకుంటున్నా, బెల్లం దాన్ని లాక్కుని పాకంలా కరుగుతోంది. మిక్సీ జార్ వేడి కూడా కలిసిందేమో, పిండి గోరువెచ్చగా తగిలింది. అలాగని ప్యాకెట్ బియ్యప్పిండి వాడమని మాత్రం చెప్పకండి. రెండోసారి చేసింది దాంతోనే, పాలు చల్లి కలిపినా నోట్లో ఇసుకే.

అమ్మ ఇదంతా చూసి, "ఏందిరా ఈ తూకాలు, పిండి పిడికిట్లో పట్టి చూశావా?" అంది. నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తడితే పొడిగా రాలాలట. నాది రాలలేదు, వేలికే అంటుకుంది. పైగా నాగుల చవితికి వాళ్ళు పుట్ట దగ్గరికి బయల్దేరేముందే బెల్లం కలిపేవాళ్ళట, "అరగంట పళ్ళెంలో పెట్టి ఎవరు చూశార్రా" అని ఒకటే నవ్వు.

జారింది మర్నాటికి పులుస్తుందని సాయంత్రమే స్పూన్లతో తినేశాం. ఆదివారం పాత బియ్యంతో చేస్తాం, కొత్తవాటి జిగురు కూడా కొంత కారణమేమో తేలాలి. నానిన బియ్యం 305 గ్రాములకి దిగేదాకా ఆరబోయాలి, వందకి బెల్లం 55. ఎదురింటివాళ్ళ రోలు అడిగి ఉంచాం. రోకలి పిల్లలు ఎత్తలేరు కాబట్టి దంచడం నేను, జల్లెడ వాళ్ళిద్దరూ. స్కేలు మాత్రం దాచేస్తానంటోంది అమ్మ.