తాతయ్య ట్రంకుపెట్టె

మూడు ఆదివారాలుగా తాతయ్య ట్రంకుపెట్టె ముందే కూర్చుంటున్నాను. దస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకాలు, పోస్టుకార్డులు అన్నీ కలగలిసిపోయి ఉన్నాయి. ముందు తుప్పు పట్టిన గుండుసూదులు తీసేశాను, కాగితాన్ని తినేస్తున్నవి అవే. తర్వాత మనిషికో కవరు, దాని మీద పెన్సిల్‌తో పేరు, సంవత్సరం.

ఆ సంవత్సరం దగ్గరే చిక్కు. నానమ్మ పెళ్లి శుభలేఖలో ‘పార్థివ నామ సంవత్సర వైశాఖ మాసం’ అనే ఉంది, ఇంగ్లీషు తేదీ లేదు. పార్థివ అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1885, 1945, 2005. నాన్న పుట్టింది 1950లో. అంటే పెళ్లి 1945లోనే! శుభలేఖ నాలుగు మూలలా పసుపు ఇంకా చెరిగిపోలేదు. దాని మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఫొటో తీసి అత్తయ్యకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది. “అమ్మ పేరు అచ్చులో చూడటం ఇదే మొదటిసారి రా” అంది.