గోలీ మౌస్

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు డిజైన్ చేస్తాను. 2023 నవంబరులో అసెంబ్లీ ఎలక్షన్లప్పుడు రాత్రి ఒంటిగంట దాకా కుర్చీ దిగలేదు. నాయకుల ఫొటోలను వెంట్రుకల అంచు వెంబడి పెన్ టూల్‌తో కత్తిరించాలి. చెయ్యి వణికితే చెవి తెగిపోతుంది. అందుకని విండోస్ మౌస్ సెట్టింగుల్లో పాయింటర్ స్పీడును, అంటే స్క్రీన్ మీది బాణం వేగాన్ని, పదకొండు గీతల్లో మూడో గీతకు దించి, కింద ఉన్న టిక్కు కూడా తీసేశాను. పని నీటుగా వచ్చేది. కానీ బాణం స్క్రీన్ ఆ చివరకు పోవాలంటే మౌస్‌ను ఎత్తి పెట్టి, ఎత్తి పెట్టి జరపాలి.

సంక్రాంతి ముందు ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పక్కన ఎవరిదో చెయ్యి. మా ఆవిడదనుకొని ఎడమ చేత్తో తీసి పక్కన పెట్టబోతే, అది నాదే. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దు. చిటికెనవేలికి ఏమీ లేదు. మా నాయనకు పక్షవాతం కుడి చేతి నుంచే మొదలైంది. ఎవరినీ లేపకుండా బాత్రూంలోకి పోయి చెయ్యి విదిలిస్తూ నిలబడ్డాను. మూతి వంకర పోయిందేమోనని అద్దంలో నవ్వి చూసుకున్నాను. ఎంతసేపటికో చీమలు పాకినట్టు స్పర్శ వచ్చింది.

తెల్లారి చూపించుకున్న డాక్టరు నా చెయ్యి పట్టి కూడా చూడలేదు. "మౌస్ పట్టుకుంటేనే చెయ్యి పోతే, నాగలి పట్టినోళ్లు ఏమైపోవాలె?" అని నవ్వి బలానికి గోలీలు రాశాడు. ఆ నవ్వుకు నాలుగు నెలలు పోయాయి. నాదే వొళ్లుబద్ధకం అనుకున్నాను. చొక్కా గుండీలు మా ఆవిడ పెట్టేది.

తర్వాత చూసిన డాక్టరమ్మ మొదటే అడిగింది, చిటికెనవేలు బాగుందా అని. మణికట్లు వంచి నిమిషం ఉంచమంది. నిమిషం నిండకముందే తిమ్మిరెక్కింది. మణికట్టులో నరం నలుగుతోంది, కార్పల్ టన్నెల్ అంటారు, పక్షవాతం కాదు అన్నది. కాళ్లు మొక్కాలనిపించింది. నరం పరీక్ష, షుగర్, థైరాయిడ్, ఒక ఇంజెక్షన్, రాత్రిపూట పట్టీ, అన్నీ అయ్యాయి.

మిగిలింది మౌస్. మేనల్లుడు ట్రాక్‌బాల్ తెచ్చాడు. అది ఉన్నచోటే ఉంటుంది, పైన బంతిని తిప్పాలి. బొటనవేలితో తిప్పేదానికి నెల తిరక్కుండా ఆ వేలి మొదట్లో నొప్పి మొదలైంది. వేళ్లతో తిప్పే పెద్ద బంతికి మారాను. వాడు స్పీడు మధ్య గీత మీద పెట్టి, నేను తీసేసిన టిక్కు మళ్లీ పెట్టాడు. 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' అని పేరుగానీ అది యాక్సిలరేషన్. బంతిని మెల్లగా తిప్పితే బాణం వెంట్రుకవాసి జరుగుతుంది, అంతే దూరం విసురుగా తిప్పితే స్క్రీన్ దాటుతుంది. గేములాడే పిల్లలు దాన్ని తీసేస్తారు, చెయ్యి ఎంత జరిగితే బాణం అంతే జరగాలని. నా చేతికి మాత్రం ఉంటేనే సుఖం. వారం రోజులు పెళ్లికొడుకుల చెవులు తెగాయి, తర్వాత అలవాటైంది. "ఏందన్నా, గోలీలాటనా?" అంటారు కస్టమర్లు.

రాత్రి వేళ్లు మొద్దుబారుతుంటే నాలాగా అద్దంలో నవ్వుకోకండి, నరాల డాక్టరుకు చూపించుకోండి. నిజంగానే మూతి వంకర పోయినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు.

అమ్మ మాత్రం ఇదంతా చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుడి దయే అంటుంది. వచ్చే అమావాస్యకు మొక్కు తీర్చాలట. "కొబ్బరికాయ నువ్వే కొట్టాలె బిడ్డా, కుడి చేత్తోనే" అన్నది. నిన్న దుకాణం మూసేముందు ఒకటి కొట్టి చూశాను. రెండో దెబ్బకు పగిలింది.