ఎగ్మోర్‌లో మా అమరావతి

శుక్రవారం మ్యూజియానికి సెలవని, ఇరవై నాలుగేళ్లుగా మద్రాసులో ఉంటున్న మనిషికి తెలియకపోవడం ఏమిటో! పాంథియన్ రోడ్డులో మూసిన గేటు ముందు నిలబడి వాడు ఎడమ చెవి వెనక గోక్కున్నాడు. ఇంటర్‌లో కెమిస్ట్రీ లెక్క తప్పినప్పుడూ అచ్చం ఇలాగే గోక్కునేవాడు.

"నువ్వేం మారలేదురా," అన్నాను.

"నువ్వు మారావే. ఇదివరకైతే ఈపాటికి అలిగేదానివి," అన్నాడు.

నేను వెళ్లింది వాడి కోసం కాదు. కోడంబాక్కంలో మా పిన్నికి మోకాలి ఆపరేషన్ అయింది, చూసొద్దామని. కాకపోతే టికెట్ తీశాక ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "చెన్నై వస్తున్నా" అని పెట్టాను. మా బ్యాచ్‌లో మద్రాసులో ఉండేది ఎవరో నాకు తెలుసు. ఇంకేం దాచడం! ఆయనతో కూడా చెప్పే బయలుదేరాను. "వెళ్లిరా. వాడికి జుట్టుందో లేదో చూసి చెప్పు," అన్నారు.

బెజవాడలో ఉదయం ఆరింటికి పినాకిని ఎక్కితే ఒంటిగంటకల్లా సెంట్రల్. గూడూరు దాకా నిద్రపోయాను. తడ దాటాక బోర్డుల మీద తెలుగు పోయి తమిళం వచ్చింది. అప్పుడు బ్యాగులోంచి అద్దం తీశాను. నలభై రెండేళ్లదాన్ని, సిగ్గేసి మళ్లీ లోపల పెట్టేశాను.

మా కథ మొదలైంది అమరావతిలోనే. 2000లో గుంటూరు నుంచి కాలేజీ వాళ్లు ఆర్టీసీ బస్సులో పిక్నిక్ తీసుకెళ్లారు. అమరలింగేశ్వరుడి గుడి, కృష్ణ ఒడ్డు, పులిహోర అయ్యాక స్తూపం దగ్గరికి నడిపించారు. తీరా చూస్తే గుండ్రటి మట్టిదిబ్బ, చుట్టూ నాలుగు రాళ్లు. "ఇదేనా?" అని అందరం నీరసపడ్డాం. వాడు నా పక్కకొచ్చి, "అసలు రాళ్లన్నీ మద్రాసులో ఉన్నాయంట. ఎప్పటికైనా చూపిస్తా," అన్నాడు. ఊరి పేరు 1996లోనే మారినా మా ఇళ్లలో అప్పటికింకా మద్రాసే. మరుసటేడు వాడు ఇంజనీరింగ్‌కి అక్కడికే వెళ్లాడు. ఆ దసరా సెలవులు అవుతుండగా ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. కులాలు వేరు, ఇంట్లో ఒప్పుకోరు, నన్ను మర్చిపో. మొత్తం అయిదు లైన్లు. మిగతా కాయితమంతా ఖాళీ. వద్దన్నందుకు ఏడ్చి ఊరుకున్నాను గానీ, ఆ ఖాళీ మీద కోపం మాత్రం ఇన్నేళ్లూ పోలేదు.

శుక్రవారం సందు చివర హోటల్లో కూర్చున్నాం. నన్ను అడక్కుండానే కాఫీ చెప్పాడు. అప్పట్లో నాకు కాఫీ అంటే ప్రాణం. గ్యాస్ట్రిక్ అని మానేసి అయిదేళ్లయింది. ఆ మాట చెప్పకుండా డబరాలో తిరగబోసుకుని మొత్తం తాగేశాను. వాడి కూతురు ఎనిమిదో తరగతి, తెలుగు మాట్లాడుతుంది కానీ చదవలేదు. మావాడు పదో తరగతి, ఎందులోనూ మాట్లాడడు. నలభై నిమిషాలు పిల్లలతోనే సరిపోయింది. లేవబోతూ, "రేపు తొమ్మిదిన్నరకి తెరుస్తారు. నీ బండి రెండింటికి కదా?" అన్నాడు.

ఆ రాత్రి కడుపులో మంట. కాఫీ వల్లే.

"ఎక్కడికే మళ్లీ?" అంది పిన్ని పొద్దున్నే. మ్యూజియం అన్నాను. నలభై ఏళ్లుగా అక్కడుంటున్న మనిషి, ఒకసారి కూడా చూళ్లేదట. "రాళ్లు చూడ్డానికి రెండ్రోజులా! సరి సరి, శీఘ్రం వచ్చెయ్," అంది. కోడంబాక్కం నుంచి లోకల్ ట్రైన్‌లో నుంగంబాక్కం, చేట్‌పట్, ఎగ్మోర్. నా కన్నా ముందే వచ్చి గేటు దగ్గర టికెట్లతో నిలబడి ఉన్నాడు.

అమరావతి గ్యాలరీలో అడుగుపెట్టగానే నాకు తట్టింది ఆ రాయి రంగు. పాలిపోయిన ఆకుపచ్చ. ఇంగ్లీషు వాళ్లు పాలరాయి అన్నారు గానీ అది పల్నాటి సున్నపురాయి, మా పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే జాతే. ఈ శిల్పాల్లోనూ ఎన్నో సున్నం కింద కాలిపోయాయి. 1797లో మెకంజీ అనే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు చూసేనాటికే ఊళ్లో కట్టడాలకి రాళ్లు తవ్వుకుపోతున్నారట. మిగిలినవాటిలో 120కి పైగా లండన్ చేరాయి, ఇంకొన్ని ఇక్కడికొచ్చాయి. మనకేమో దిబ్బ మిగిలింది. వాడు మ్యూజియం వాళ్ల తరఫున, "ఇక్కడ లేకపోతే అవీ సున్నమైపోయేవి," అని వాదించాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం భలే హాయిగా ఉంది.

ఒక గుండ్రటి పలక దగ్గర ఆగిపోయాను. రాజగృహం వీధిలో మదమెక్కిన ఏనుగు, జనం చెల్లాచెదురు. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే మొహాలు. అదే పలకలో ఇంకో పక్క ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. "రెండు ఏనుగులా?" అన్నాను. "ఒకటే. నాళాగిరి. ముందూ తర్వాతా, రెండూ ఒకే రాతిలో చెక్కారు." చుట్టూ బడిపిల్లలు, వాళ్లని తమిళంలో గదమాయిస్తున్న టీచరమ్మ. ఆ సందట్లో అయితే గొంతు వణికినా తెలియదని, అడిగేశాను.

"అంత కాయితం ఖాళీగా ఎందుకు వదిలావురా?"

దేని గురించి అని అడగలేదు వాడు. ఏనుగునే చూస్తూ చెప్పాడు. "నీ ఉత్తరాలు పెట్లో దొరికాయి మా నాన్నకి. మంచమ్మీద నా పక్కనే కూర్చుని రాయించాడు. అయిదో లైను కాగానే, ఇక చాల్లే, అన్నాడు."

మద్రాసు హాస్టల్లో తీరిగ్గా కూర్చుని రాశాడనుకున్నాను నేను. తపాలా ముద్ర కూడా చూసుకోలేదు. వాళ్ల ఊరి ముద్రే ఉండుంటుంది. మరి ఈ మాట తర్వాతైనా రాయొచ్చుగా అని అడగబోయాను. వాడు చెవి వెనక గోక్కుంటున్నాడు. వదిలేశాను.

సెంట్రల్ దాకా ఆటోలో మధ్యలో నా బ్యాగు పెట్టుకుని కూర్చున్నాం. ప్లాట్‌ఫాం మీద నీళ్ల సీసా కొనిచ్చాడు. బండి కదిలాక చెయ్యూపలేదు. నేనూ ఊపలేదు. నెల్లూరు దాకా ఆ సీసా మూత తియ్యలేదు.

రాత్రి బెజవాడ స్టేషన్ బయట ఆయన స్కూటర్‌తో నిలబడి ఉన్నారు. బ్యాగు అందుకుంటూ, "జుట్టుందా?" అన్నారు.

"ఉంది. మీకన్నా ఎక్కువే."

నవ్వి స్కూటర్ తీశారు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర, వెనక్కి తిరక్కుండా, "మళ్లీ వెళ్తావా?" అని అడిగారు.

"వెళ్తే శుక్రవారం కాకుండా చూసుకోవాలండీ," అన్నాను.