ఇరవై పైపులో పన్నెండు వైర్లు: మా ఇంటి వైరింగ్‌లో నా అనుభవం

నిన్న సాయంత్రం పైన పడకగదిలో ఏసీ మొదటిసారి ఆన్ చేశాం. గాలి చల్లగా తగిలేదాకా అత్తమ్మ కుర్చీలోంచి లేవలేదు. మూడు వారాల టెన్షన్ అప్పుడు దిగింది. కోపం మాత్రం ఇంకా ఉంది. అది చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది కడప, చిన్నచౌకు వైపు. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. నేను ఇంటి దగ్గరే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తాను. ఇల్లు కట్టించే భారం నాదే. కిందా పైనా కలిపి ఒకే ఇల్లు, మెట్లు లోపలే, కరెంటును అన్ని గదులకూ పంచే డీబీ బాక్సు కింద హాల్లో. ప్లాను, బ్యాంకు, అదనపు లోడు అన్నీ అనుకున్నదానికంటే సులువుగా అయిపోయాయి. బేల్దారి పని బాగా చేశారు. వంటింట్లో కడప బండల అరలు ఒక్క రోజులో నిలబెట్టారు. నన్ను ఏడిపించింది ఒక్క కరెంటు పనే.

కరెంటు పని పాయింటుకు ఇంత అని ఒక కాంట్రాక్టరుకు ఇచ్చాం. పైపులు, బాక్సులు ఆయనవి, వైర్లు మావి. ఇక్కడే మొదటి తప్పు జరిగింది. పాయింటు లెక్కన డబ్బు తీసుకునే మనిషికి పైపు ఎంత సన్నగా ఉంటే అంత మిగులు. కింద స్లాబుకు పైపులు పరిచిన రోజు నేను అమ్మను తీసుకుని రిమ్స్ ఆసుపత్రిలో ఉన్నాను. సాయంత్రం వచ్చేసరికి ఇనుప కడ్డీల మధ్య తెల్ల పైపులు పరిచేసి ఉన్నాయి. ఫోన్లో నాలుగు ఫోటోలు తీసుకున్నాను, అంతే. పొద్దున్నే కాంక్రీటు పోశారు.

పైన పడకగదులు రెండింటికీ ఏసీలు, బాత్రూంలో గీజరు, కొన్ని లైట్లు, ఫ్యాన్లు. వీటన్నిటికీ కింద డీబీ నుంచి పైకి వైర్లు పోవాలి. ఏసీలకూ గీజరుకూ 4 చదరపు మిల్లీమీటర్ల వైర్లు ఆరు, వాటి ఎర్తులకు 2.5వి మూడు, లైట్లకు 1.5వి మూడు. మొత్తం పన్నెండు. ఈ పన్నెండింటికీ స్లాబులో ఆయన వేసిన పైపు ఒక్కటి. అది 20 మిల్లీమీటర్లది.

వైర్లు లాగే రోజు ఇద్దరు మనుషులు, ఒక పిల్లాడు వచ్చారు. పైన గది బాక్సులోంచి వైర్లు లాగే స్ప్రింగు తీగ దూర్చారు, అది కింద డీబీలో తేలింది. పన్నెండు వైర్ల కొసలు ఒకేచోట కలిపి మెలిపెట్టి దానికి కట్టారు. టేపు చుట్టాక ఆ ముడి నా బొటనవేలంత లావైంది. కింద నుంచి పిల్లాడు అందిస్తుంటే పైనుంచి లాగారు. హాలు ఫ్యాను బాక్సు దాకా వచ్చింది. అక్కడి నుంచి కదల్లేదు. పౌడరు పోశారు. ఇద్దరూ గోడకు కాళ్లు తన్నిపెట్టి లాగారు. ఆఖరికి స్ప్రింగు కొసను గడ్డపారకు చుట్టి, దాన్ని గోడకు ఆనించి తిప్పడం మొదలుపెట్టారు. లోపల కర్రుమని చప్పుడు. నాకు కడుపులో దేవినట్టయింది.

గంటన్నరకు వైర్లు పైకి వచ్చాయి. నేను దగ్గరికి పోయి చూశాను. ఎర్ర వైరు మీద జానెడు పొడుగున తొడుగు చెక్కుకుపోయి ఉంది, కత్తితో దోసకాయ తొక్క తీసినట్టు. లోపల రాగి తళతళా మెరుస్తోంది. పక్కనున్న పచ్చ వైరుకూ అదే గతి. బయటికి కనపడేది ఇంత ఉంటే, పైపు లోపల ఎంత ఉండాలి?

"ఇది మార్చాలి కదన్నా" అన్నాను.

"టేపు చుడితే అయిపోతాదిలేక్కా. లోపలంతా పైపే కదా, ఏం కాదు."

"పైపు సరిపోలేదు. ఇన్ని వైర్లు దీంట్లో పట్టవు. కొలిచి చూడన్నా" అన్నాను.

అప్పుడన్నాడు, అత్తమ్మ ముందు, పక్కింటి ఆమె ముందు, నా దగ్గర ట్యూషన్ చదివే పిల్లల ముందు: "పదేండ్ల నుంచి ఇదే పని చేస్తాండా. నువ్వు స్కేలు పెట్టి నాకు చెప్తావా? ఆడోళ్లకు చెప్తే అర్థం కాదు గానీ, మీ ఆయనకు ఫోన్ కలుపు. నేను మాట్లాడతా."

కలిపాను. మా ఆయన డ్యూటీలో ఉండి, పూర్తిగా వినకుండానే "పనోళ్లకు తెలీదా, చేయనీ" అన్నారు. స్పీకరు ఆన్‌లో ఉంది. అందరూ విన్నారు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి తల దించుకుంది. నాకు ఆ మాట కంటే ఆ పిల్ల తల దించుకోవడమే ఎక్కువ గుచ్చుకుంది. ఇటుక లెక్క దగ్గర్నుంచి కూలీల లెక్క దాకా ప్రతి పైసా నా చేతి మీదుగా పోతుంది. డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం ఎవరూ "మీ ఆయనకు ఫోన్ కలుపు" అనరు. మా ఊళ్లో గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లందరికీ ఇది తెలిసిన బాధే. నా అక్కాచెల్లెళ్లకు ఒక్కటే చెప్తున్నా, ఫోన్ కలపొద్దు. నేను కలిపి తప్పు చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పైపు ముక్క ఒకటి, వైరు ముక్కలు మూడు రకాలవి తీసుకుని కూర్చున్నాను. 20 పైపు అంటే బయట కొలత 20. లోపల స్కేలు పెడితే 17 మాత్రమే వచ్చింది. వైరు మందం కొలవడానికి దాన్ని చపాతీ కర్రకు పది చుట్లు పక్కపక్కనే చుట్టి స్కేలు పెట్టాను. 4 వైరుకు 42 మిల్లీమీటర్లు, అంటే ఒక వైరు 4.2. అలాగే 2.5 వైరు 3.6, 1.5 వైరు 3 వచ్చాయి.

ఇక లెక్క. పైపు నోరు గుండ్రం, వైరు గుండ్రం. రెండు వైశాల్యాల్లోనూ పై బై ఫోర్ ఉంటుంది, అది కొట్టేసుకుపోతుంది. వ్యాసాల వర్గాలు తీసుకుంటే చాలు. పదో తరగతి పిల్లలు చేస్తారు. పైపుకు 17 ఇంటూ 17, 289. 4 వైర్లు ఆరుకూ కలిపి దాదాపు 106, 2.5వి మూడుకు 39, 1.5వి మూడుకు 27. మొత్తం 172. 289లో 172 అంటే నూటికి 60 పాళ్లు.

అరవై అయితే ఇంకా నలభై ఖాళీ కదా అని నాకూ మొదట అనిపించింది. మా ఆయన రూములో ఉండే ఒక తమ్ముడు అక్కడ సైట్లలో ఎలక్ట్రీషియన్. రాత్రి పదకొండుకు మా ఆయనే ఫోన్ చేసి, పొద్దున అన్న మాటకు బాధపడి, ఆ తమ్ముడికి ఇచ్చారు. లెక్క విని, "వదినా, మూడు వైర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పైపులో నూటికి 40 పాళ్లు మించకూడదు, అమెరికా నిబంధన అదే" అన్నాడు. ఒకే వైరైతే 53, రెండైతే 31 అట. రెండుకు ఎందుకంత తక్కువ అని అడిగాను. రెండు గుండ్రాలు పక్కపక్కన చేరితే కోడిగుడ్డు ఆకారం వస్తుంది, వంపులో అడ్డం తిరిగి పట్టేస్తుంది అన్నాడు. మన దేశంలోనూ ఐఎస్ 732 అనే వైరింగ్ నియమావళి ఉంది. పైపులో అంత ఖాళీ వదలాల్సింది వైరు వంపు తిరగడానికి, వేడి పోవడానికి, రేపు ఒక వైరు చెడితే దాన్ని వెనక్కి తీసి కొత్తది లాగడానికి. ఇంతకాలం పైపులో ఎన్ని కుక్కితే అంత కెపాసిటీ అనుకున్నాను. తొడుగు గీసుకుపోకుండా ఎన్ని లాగగలమో అదే కెపాసిటీ.

"స్లాబులో వంపులు ఎట్లా తిప్పినారు?" అని అడిగాడు. నేను తీసిన ఫోటోలు పంపించాను. పెద్దది చేసి చూస్తే తెలిసింది, ఫ్యాను బాక్సు అటూ ఇటూ రెండు ఎల్బోలు. పొడుగు బెండు కాదు, నిక్కచ్చిగా మూల తిరిగే ఎల్బో. పైపులో వంపులకు వాడే వేరే స్ప్రింగు పెట్టి చేత్తో మెల్లగా వంచితే వైరు జారిపోతుంది. ఎల్బో లోపలి అంచు మాత్రం కత్తిలా కోస్తుంది. ఎల్బో ముక్క అతికిస్తే రెండు నిమిషాల పని, వంచితే పది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాల కోసం నా వైర్లు పోయాయి.

25 పైపు వేసి ఉంటే? లోపల 21, అంటే 441. అందులో 172 అంటే 39 పాళ్లు. అంచు మీద సరిపోయేది. కానీ స్లాబు పగలగొట్టి పైపు మార్చలేం.

కాంట్రాక్టరును లెక్క తేల్చి పంపించేశాను. ఆ గొడవ రాయడం నాకిష్టం లేదు. కొత్త మనిషి కోసం వారం తిరిగాను. ఒక షాపులో పైపు ముక్క చూపించి లోపలి కొలత అడిగితే, "కొంటావా, ప్రశ్నలేస్తావా" అన్నారు. ఆ షాపులో నేనింక ఒక్క స్క్రూ కూడా కొనను. చివరికి దేవుని కడపలో ఒక పెద్దాయన దొరికారు. సర్కారు ఉద్యోగంలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. నా నోట్‌బుక్ చూసి, ముందు లెక్కంతా మెల్లగా చదివారు. "సరిగ్గా ఉందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకు నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

ఆయన సంచిలోంచి చేత్తో తిప్పే పాత మెగ్గరు తీశారు, వైర్ల తొడుగు బాగుందో లేదో చెప్పే మీటరు అది. మంచి వైర్ల మధ్య ముల్లు చివరిదాకా పోయి నిలబడింది. ఎర్ర వైరుకూ పచ్చ వైరుకూ మధ్య పెట్టి తిప్పితే సున్నా దగ్గర పడిపోయింది. అంటే ఎర్రది ఫేజు, పచ్చది ఎర్తు, రెండూ లోపలెక్కడో అంటుకుపోయాయి. టేపు చుట్టమన్న వైర్లు అవే. ఆ ముల్లును అత్తమ్మను పిలిచి చూపించాను, పక్కింటి ఆమెను కూడా.

వైర్లు ఒక్కొక్కటే వెనక్కి లాగారు. 4 వైర్లు ఆరింటికీ ఎల్బో దగ్గర కోత పడింది. ఒక్కోటి 13 మీటర్లు, మొత్తం 78 మీటర్లు. ఒక కాయిలు 90 మీటర్లే కదా, దాదాపు ఒక కాయిలంతా పోయినట్టు.

తర్వాత ఆయన చేసింది చెప్తాను. లైట్ల వైర్లు పవర్ వైర్లతో కలపకూడదన్నారు. పాత పైపులో 1.5 వైర్లు మూడే కొత్తవి లాగారు, చేత్తో లాగితే వచ్చేశాయి. పవర్‌కు తూర్పు గోడ బయట రెండు 25 పైపులు కొత్తగా బిగించారు. పడమర గోడకు ఎందుకు వద్దంటే, మధ్యాహ్నం ఎండ. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వేడి దాకానే ఓర్చుకుంటుంది. మే నెలలో మా మిద్దె గోడ మీద చెయ్యి పెట్టలేం. దానికి తోడు లోపల కరెంటు వేడి. మూడు సర్క్యూట్లు ఒకే పైపులో నిండా లోడుతో నడిస్తే ఒక్కో వైరు మోయగల కరెంటు నూటికి 70 పాళ్లకు పడిపోతుందట. అందుకే ఒక పైపులో ఒక ఏసీ, గీజరు. ఇంకో పైపులో రెండో ఏసీ ఒక్కటే. ఏసీ ఎండాకాలం, గీజరు చలికాలం, రెండూ కలిసి నడిచే రోజులు మా ఊళ్లో చాలా తక్కువ. ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది. నిండుదల లెక్క వేశాను, ఒకదాంట్లో 22 పాళ్లు, ఇంకోదాంట్లో 11.

లాగే పద్ధతి కూడా చూశాను. వైర్ల కొసలు ఒకేచోట కలపలేదు. ఒకటి ముందు, ఒకటి వెనక ఉండేలా దువ్వి, టేపు చుట్టి, పెన్సిలు ములికిలా సన్నగా చేశారు. ముందు గుడ్డ పీలిక కట్టి పైపు లోపల దుమ్ము తుడిచారు. పౌడరు తప్ప నూనె, గ్రీజు తాకనివ్వలేదు, అవి తొడుగును పాడు చేస్తాయట. కాయిలును పిల్లాడి చేతిలో తిప్పిస్తూ మెలిక పడకుండా అందించారు. అందించేవాడు "ఊ" అంటేనే లాగేవాడు లాగాలి. వంపు దగ్గర ఒక బాక్సు పెట్టారు. చివర్లో నైలాను తాడు ఒకటి లోపలే వదిలేశారు, రేపు ఇంకో వైరు కావాలంటే స్ప్రింగు అక్కర్లేకుండా. రెండు పైపులూ కలిపి నలభై నిమిషాలు. మళ్లీ మెగ్గరు తిప్పారు. అన్నిటికీ ముల్లు చివరిదాకా పోయింది.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. మొదట్లోనే పైన చిన్న డీబీ ఒకటి పెట్టి, కింద నుంచి 10 చదరపు మిల్లీమీటర్ల వైర్లు రెండు, ఎర్తు ఒకటి తీసుకుపోయి ఉంటే ఈ పన్నెండు వైర్ల బాధే ఉండేది కాదట. మేడ కట్టేవాళ్లు ఇది ముందే అడగండి. పైపు మీద ఐఎస్ 9537, వైరు మీద ఐఎస్ 694 అని అచ్చు ఉందో లేదో షాపులోనే చూడండి. పైపులు మీరే కొనండి. స్లాబు పోసే ముందు రోజు కొలత టేపు పక్కన పెట్టి ఫోటోలు తీయండి, వంపు వంపుకూ ఒకటి.

వచ్చే గురువారం ప్రొద్దుటూరులో మా ఆడబిడ్డ ఇంటికి స్లాబు. బుధవారం సాయంత్రం బస్సుకే పోతున్నాను. పైపులు పరిచేది ఆ రాత్రే. నోట్‌బుక్, స్కేలు, చపాతీ కర్ర సంచిలో పెట్టేశాను. ఆ రోజు తల దించుకున్న అమ్మాయి నిన్న వచ్చి లెక్క చూపించమని అడిగింది. 20 పైపులో 2.5 వైర్లు ఎన్ని పడతాయో తనే వేసింది. ఎనిమిది అని వచ్చింది. "వంపులుంటే ఎన్ని టీచర్?" అని అడిగింది.