చెరువులు లీజుకిచ్చాక

నిరుడు సంక్రాంతి వెళ్ళాక మా రెండు రొయ్యల చెరువులూ లీజుకిచ్చేశాను. మోకాళ్ళ నొప్పులు ఒకవైపు, మేత ధర ఇంకోవైపు. అన్నీ తట్టుకుని పట్టుబడి దాకా వస్తే సరిగ్గా ఆ వారమే కౌంటు ధర, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కన కట్టే ధర, పడిపోవడం. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇక చాలనిపించింది. మా ఊరు భీమవరానికీ నరసాపురానికీ మధ్యన ఉంది. ఇక్కడ రొయ్య ఊసు లేకుండా పది నిమిషాలు కూర్చోవాలంటే గుళ్ళో కూర్చోవాలి. అక్కడా గ్యారంటీ లేదు.

మొదటి వారం హాయిగానే గడిచింది. రెండో వారంలో మా ఆవిడ "ఏవండీ, మీరు వంటింట్లోకి రావడం కాస్త తగ్గించండి" అంది. దాంతో మూడు పనులు పెట్టుకున్నాను.

పొద్దున్న చదువు. అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి దాచి, బైండు చేయించేది. ఏడు బైండ్లు చెదల పాలు కాకుండా మిగిలాయి. ఒకదాంట్లో 14వ వారం లేదు. 13లో బావి గట్టు మీద కూర్చుని ఏడుస్తున్న పిల్లకి 15లో పెళ్ళయిపోయింది, ఎవరితో అన్నది అర్థం కావడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఆ వారం పత్రిక ఎవరు పట్టుకెళ్ళి తిరిగివ్వలేదో అమ్మ అక్కడే పెన్సిల్‌తో రాసిపెట్టింది, ఇంటిపేరుతో సహా. ఆ పేరు ఇక్కడ రాయను. వాళ్ళతో మాకు ఇంకా రాకపోకలున్నాయి.

మధ్యాహ్నం ఫోటోలు. ఒక ట్రంకు పెట్టె, నాలుగు ఆల్బమ్‌లు. వాటిలో రెండు పాతకాలపు గమ్ పేజీలవి. మన చెమ్మకి ఆ జిగురు పసుపు పచ్చగా మారి ఫోటోని వదలదు. గోటితో లాగితే ఒక మేనత్త చెవి పోయింది. తర్వాత తెలివొచ్చి, విసురు వలకి వాడే సన్నటి నైలాన్ దారం ఫోటో కిందకి జొనిపి, రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగాను. చక్కగా వచ్చేస్తున్నాయి. ఊడొచ్చినవాటిని కిటికీ పక్కన పెట్టి ఫోన్‌తో తీసి, మనుషుల పేర్లు రాస్తున్నాను. పేర్లు తెలియనివాళ్ళు ఒక కట్ట అయ్యారు. పారేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఎవరో ఒకరు వచ్చి గుర్తుపడతారట.

ఒక ఫోటో దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయాను. నాన్న పంచె ఎగ్గట్టుకుని గట్టు మీద నిలబడ్డారు, వెనకాల కోతకొచ్చిన వరి, మూలన రెండు తాడిచెట్లు. ఏ చేనో ఎంతకీ తెలియలేదు. చివరికి ఆ తాడిచెట్లలో ఒకటి కొద్దిగా పడమటికి వంగి ఉండటం చూసి గుర్తుపట్టాను. అది మా పెద్ద చెరువు. 1993లో తవ్వించాం. నాన్న నిలబడ్డ చోట ఇప్పుడు నాలుగున్నర అడుగుల నీళ్ళున్నాయి. తవ్విన రెండో ఏడు వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల రోగం వచ్చి టైగర్ రొయ్యంతా తెల్లవారేసరికి గట్టుకి కొట్టుకొచ్చింది. ఆ రోజు ఫోటో ఎవరూ తియ్యలేదు.

ఇక రాత్రి స్పానిష్. అందరూ నవ్వేది దీనికే. ఇప్పుడు మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. 2009లో మనకి అనుమతిచ్చారు, వచ్చింది, టైగర్‌ని పక్కకి నెట్టేసింది. ఆ తీరంలోనే ఉన్న ఈక్వడార్, రెండు కోట్ల జనాభా కూడా లేని దేశం, రొయ్యల ఎగుమతిలో ఇప్పుడు మనకన్నా ముందుంది. 1999లో వాళ్ళకీ వైట్ స్పాట్ వచ్చి చెరువులు ఎండిపోయాయి, మళ్ళీ లేచారు. ఎలాగో వాళ్ళ నోటే విందామని వీడియోలు పెడితే ఒక్క ముక్క అర్థం కాలేదు. అదీ కథ. కోడలి పుట్టింటి భాష నేర్చుకుంటున్నట్టుంది.

యాప్ ఇంగ్లీషు మీదుగా నేర్పుతుంది, అక్కడే అనవసరపు కష్టం. 'మే గుస్తా ఎల్ కఫే' అన్నదాన్ని ఇంగ్లీషువాళ్ళకి చెప్పడానికి పేజీలు ఖర్చుపెట్టారు. మనకేముంది? నాకు కాఫీ ఇష్టం, అంతే. వాళ్ళకి 'ఉండటం'లో రెండు రకాలు: 'సోయ్', 'ఎస్తోయ్'. నేను రైతుని అంటే సోయ్, నేను ఇంట్లో ఉన్నాను అంటే ఎస్తోయ్. 'ఉన్నాను' అని మనం నోటితో అనే చోట చాలావరకు ఎస్తోయ్ సరిపోతోంది. ఈ కిటుకు ఏ పాఠంలోనూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నాను, కాస్త గర్వంగానే ఉంది. ఒక్క 'ర' మాత్రం చంపుతోంది. 'పెరో' అంటే కానీ, 'పెర్రో' అంటే కుక్క. నేను 'కానీ' అన్నప్పుడల్లా కుక్క వస్తోంది.

యాప్‌లో 'పిసీనా' అంటే ఈతకొలను. వీడియోలో ఒకాయన తన పిసీనాలో మేత ఎంత వేస్తున్నాడో చెబుతుంటే బుర్ర తిరిగింది. అక్కడ రొయ్యల చెరువునీ అలాగే అంటారట. మేత 'బాలాన్సెయాదో', వైట్ స్పాట్ 'మాంచా బ్లాంకా'. ఇవేవీ యాప్‌లో రావు. అక్కడ ఇంకా రైలు టికెట్టు కొంటూనే ఉన్నాను.

లీజు తీసుకున్న కుర్రాడు వారానికోసారి వస్తాడు. "ఏం బాబాయ్ గారూ, ఈక్వడార్‌లో ఏమంటున్నారండి?" అని వెటకారం. ఎకరానికి రొయ్య పిల్ల తక్కువ వదులుతారట రా అన్నాను. "మనకి లీజు డబ్బులు రావద్దాండి?" అన్నాడు. ఆ డబ్బులు తీసుకునేది నేనే కాబట్టి ఊరుకున్నాను.

2024 చివర్లో ఈక్వడార్‌లో గంటల తరబడి కరెంటు కోతలు పెట్టారు. అప్పటి వీడియో ఒకటుంది. మాట్లాడుతున్న రైతు సగంలో ఆగి, వెనక్కి తిరిగి, "సె ఫ్యూయె లా లూస్" అని పరుగెత్తాడు. కరెంటు పోయిందని. కింద అక్షరాలు చదవకుండానే తెలిసిపోయింది. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే ఎలా పరుగెత్తుతారో నాకు ఎవరూ అనువదించి చెప్పక్కర్లేదు.

మొన్న రాత్రి రెండింటికి ఫ్యాను ఆగింది. ఎప్పటిలాగే లేచి కూర్చుని కాలితో చెప్పులు వెతుకుతున్నాను.

"ఎక్కడికండీ?" అంది మా ఆవిడ.

"సె ఫ్యూయె లా లూస్."

"ఆ కుర్రాడు జనరేటర్ వేసుకుంటాడు గానీ, పడుకోండి" అని అటు తిరిగి పడుకుంది.