అన్న కంపాస్ పెట్టె

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు రాయమంటే అందరూ హెడ్‌మాస్టరు బెత్తం గురించో, ఇంటర్వెల్ జామకాయల గురించో రాస్తారు. నేను మన బడి గోడల మీది ఏ బోర్డులోనూ పేరు లేని మనిషి గురించి రాస్తాను. ర్యాంకు రాలేదు, పైగా పదో తరగతి సగంలో మానేశాడు. బోర్డు మీదికి ఎట్లా ఎక్కుతాడు?

మాకంటే రెండేళ్లు పెద్ద. అందరికీ అన్న. 1969లో తెలంగాణ ఉద్యమంతో బడులు మూతబడ్డప్పుడు అంబర్‌పేట బావుల్లో మాకు ఈత నేర్పింది అన్ననే. నడుముకు తాడు కట్టి పైనుంచి నూకేవాడు. "నీళ్లతోని కొట్లాడకురా, వాటి మీద పండుకో" అనేవాడు. హుస్సేన్‌సాగర్‌ను మించిన నీళ్లు చూడనివాడు నేవీలో చేరి, శిక్షణకు విశాఖ పోయాడు. పోతూ కంపాస్ పెట్టె నా చేతిలో పెట్టి, "లీవుకొచ్చినప్పుడు తీసుకుంటా" అన్నాడు.

తర్వాత ఒక ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ఓడ పేరు ఖుక్రీ, అంటే గూర్ఖాల వంకర కత్తి అట. పండుకునే జాగ మన బడి బెంచీ అంత అట. మిగతా ఉత్తరమంతా వాళ్లమ్మ చేతి పచ్చిపులుసు మీద బెంగే.

1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు, విశాఖ దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ మునిగిందని తెలిసి మేం గంతులేశాం. 9వ తేదీ రాత్రి డయ్యూకు దూరాన, అరేబియా సముద్రంలో, హంగోర్ అనే ఇంకో పాకిస్తాన్ జలాంతర్గామి టార్పెడోతో ఖుక్రీని కొట్టింది. జలాంతర్గాములను వేటాడడానికి కట్టిన ఓడే అది. నిమిషాల్లో మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడను వదలని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన పేరు దేశానికి తెలుసు, తెలియాలి కూడా. ఆ 176 మందిలో అన్న ఒకడు.

ఇంగ్లీషు టెలిగ్రాం చదవడానికి వాళ్లమ్మ నన్ను పిలిపించింది. 'మిస్సింగ్' అన్న మాటను తెలుగులో ఎట్లా చెప్పాలో తోచక, "కనబడుతలేడంట అమ్మా" అన్నాను.

"వానికి ఈత వచ్చుగదరా?" అంది.

కొన్నేళ్ల కింద డయ్యూ పోయాను. సముద్రానికి ఎదురుగా గాజు గదిలో ఖుక్రీ నమూనా ఉంది. బెంచీ అంత జాగ ఎక్కడుంటుందా అని చుట్టూ తిరిగి చూశాను. పైభాగమే కనిపిస్తుంది, లోపల కనిపించదు.

కంపాస్ పెట్టె నా దగ్గరే ఉంది. మూత లోపల డివైడర్‌తో గీకిన బావి, అందులోకి తలకిందులుగా దూకుతున్న మనిషి. ఈసారి సమావేశానికి పట్టుకొస్తాను.